దూడకు సాంబ్రాణి పొగ

నెల్లూరులో బి.ఏ. చదివే రోజుల్లో నేను చేసిన ప్రయాణాలన్నిటికీ మూలకారణం కడుపే. కోట అనే ఊరి దగ్గర పల్లెలో మా మేనత్త ఆవు నేడో రేపో తొలిచూలు ఈనబోతున్నదని కబురు రాగానే, జున్ను మీద ఉన్న భక్తిశ్రద్ధల కొద్దీ మరునాడే బయలుదేరాను. అరవైల మొదట్లో సంగతి ఇది. ఇప్పుడు మద్రాసులో సీసాపాల కాఫీ తాగుతూ, ఆ దారిన వెళ్ళదలచిన వారి కోసం రాస్తున్నాను.

నెల్లూరు నుంచి పొద్దుటి పాసింజరులో గూడూరు, అక్కడినుంచి బస్సులో కోట. బస్సు టిక్కెట్టు రూపాయి లోపే; పక్కవాళ్ళ చేపల గంపను ఒళ్ళో పెట్టుకునే గౌరవం ఉచితం. కోటలో దిగితే సముద్రం వైపు పోయే ఎద్దుబండి ఏదో ఒకటి దొరుకుతుంది. నేనెక్కిన బండి తోలే ఆయన మా అత్త పేరు వినగానే వెనక్కి తిరిగాడు. "ఆయమ్మ ఆవు తెల్లారి ఈనింది గదా! పెయ్యదూడ. మీ మామ ఊరంతా చెప్పుకొచ్చినాడు నాయనా." వరిమళ్ళు దాటి సరుగుడు తోపుల్లోకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

అత్త ఇంటి ముందు సాంబ్రాణి వాసన గుప్పుమంది. ఎవరో పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టున్నారనుకున్నాను. పోసిన మాట నిజమే, దూడకు! అత్తామామలకు పిల్లలు లేరు. అత్త కూలీలకు అన్నం తీసుకుని పొలానికి వెళ్ళగానే, ఆవు ఇంకా సరిగా నాకనైనా నాకని దూడను మామ ఎత్తుకుపోయి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, దిష్టిచుక్క పెట్టాడు. పెళ్ళికూతురిలా తిరిగొచ్చిన దూడను ఆవు తనది కాదంది. పొదుగు దగ్గరికి వచ్చినప్పుడల్లా తన్నుతోంది. పితికి తాగిద్దామంటే చెయ్యి వేయనివ్వడం లేదు. దూడకు లేచి నిలబడే ఓపిక తగ్గిపోతోంది. సాయంత్రంలోగా ముర్రుపాలు కడుపులో పడకపోతే బతకదని అత్త భయం.

"ఎవురు పొయ్యమన్నారయ్యా నీళ్ళు?" అంది పొలం నుంచి తిరిగొచ్చిన అత్త.

"శుక్రవారం పూట ఆడబిడ్డ పుట్టింది గదా అని..." నసిగాడు మామ.

"అయితే ఉయ్యాల గూడా కట్టకపోయినావా!"

ఆ మాట అనేశాక అత్త మొహం తిప్పుకుని ఆవు దగ్గరికి నడిచింది. పరిస్థితి గంభీరంగా ఉందని గ్రహించి నేను జున్ను ప్రసక్తిని నిరవధికంగా వాయిదా వేశాను.

"ఈనిన తావులో గడ్డి ఏం జేసినావు?" అంది అత్త.

"పెంట మీద ఏసినా."

"పో, తీసకరా."

మామ పరుగెత్తాడు. ఇంకా ఉమ్మనీటి తడి ఆరని ఆ గడ్డితో అత్త దూడను తల నుంచి తోక దాకా రుద్దింది. వీపు మీద ఉప్పు చల్లి, ఆవు మూతి ముందు నిలబెట్టింది. మామ సాయం పట్టబోయాడు.

"నువ్వు దూరం పో. నీ వంటినిండా సాంబ్రాణే!"

మామ కంచె అవతలికి వెళ్ళాడు. నా మొహం మీది పౌడరు గుర్తొచ్చి, ఎవరూ చెప్పకముందే నేనూ ఆయన పక్కకు చేరాను.

ఆవు వాసన చూసింది. బుస్సుమని మొహం తిప్పుకుంది. మామ కంచె కర్ర పట్టుకుని ముందుకు వంగాడు. ఆవు మళ్ళీ మూతి చాచి, ఉప్పు కోసం ఒకసారి నాకింది. రెండోసారి ఉప్పు లేనిచోట నాకింది. ఇక ఆగలేదు. చెవులూ, కళ్ళూ, దిష్టిచుక్కతో సహా నాకేస్తూ గొంతులో సన్నగా మూలిగింది. ఆ మూలుగు వినగానే దూడ తడబడుతూ పొదుగు కిందికి దూరింది.

"తాగతా ఉండాదా?" కంచె దగ్గరినుంచే మామ అడిగాడు.

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తోక ఆడిస్తా ఉండాది, కనబళ్ళా? రావయ్యా, వచ్చి చూడు." అంతలోనే చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దులే, ఆడే ఉండు. కడుపు నిండనీ."

తరువాత చాలా ఊళ్ళు తిరిగాను. గోపురాలూ, కోటలూ చూశాను. కానీ ఇక్కడ మద్రాసులో తెల్లవారుజామున పాలసీసాల చప్పుడుకు మెలకువ వస్తే నాకు కనబడేది కంచె కర్ర మీద గడ్డం ఆనించి, పొద్దు వాలేదాకా అట్లాగే నిలబడి నవ్వుకుంటున్న మామే. అంతసేపు ఏమీ ముట్టుకోకుండా నిలబడటం ఆయనకెంత కష్టమో ఆ పక్కనే నిలబడ్డ నాకు తెలుసు. మీరు ఎప్పుడైనా ఆవు ఈనిన ఇంటికి వెళ్తే ఒక్కటే సలహా: తల్లి నాకడం ముగించేదాకా దూడను తాకకండి. ఎంత ముద్దొచ్చినా సరే, వరసలో మీకంటే ముందు మా మామ ఉన్నాడు.