చీర దిగేదాకా ఆపిన మాత్ర

నాయన మాత్రల డబ్బా నా దగ్గరే ఉండేది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. గుండె లయ తప్పి కొట్టుకుంటోందని, లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు పోకుండా ఉండాలని హిందూపురం డాక్టరు రాసిచ్చిన మాత్ర అది. పాత మందుకు మల్లే నెలనెలా రక్తపరీక్ష అక్కర్లేదన్నాడు. "కానీ ఒక్కరోజు కూడా మానొద్దమ్మా. మానితే దీని బలం ఒంట్లో నిలవదు" అని నాకే మరీమరీ చెప్పాడు. నేను తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాళ్లు ధర్మవరంలో లేరు.

మాది ఒకే మగ్గం. నాయన నేసేవాడు, నేను పక్కన కూర్చుని తెగిన పోగులు చూసేదాన్ని. అప్పుడు మగ్గం మీద ఉన్నది ఒక పెళ్లికూతురి తలంబ్రాల చీర. మీగడ రంగు, సన్నని జరీ. కిటికీలోంచి ఎండ పడితే గది గదంతా అదే రంగు. మగ్గం చప్పుడు వింటూ కూర్చుంటే నిద్రో మెలకువో తెలిసేది కాదు. ఆ చీర లోపలే ఎక్కడో చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టు ఉండేది నాకు.

ఒక మధ్యాహ్నం జరీ పోగు ముడేసి కొసను బ్లేడుతో కోస్తుంటే నాయన వేలు తెగింది. చిన్న గాటు. నోట్లో పెట్టుకుంటే ఆగిపోయేదే, రక్తం గడ్డకట్టనివ్వని ఆ మాత్ర వల్ల ఆరోజు ఎంతకీ ఆగలేదు. గుడ్డ చుడితే గుడ్డ తడిసింది. నేసినంత మేర కప్పిన పాత పంచె మీద ఒక చుక్క పడింది. పంచె లేకుంటే? తలంబ్రాల చీర మీద రక్తం పడిందంటే ఎంత ఉతికినా ఎవరూ తీసుకోరు, అపశకునం అంటారు.

"చీర మగ్గం దిగేదాకా ఈ మాత్ర వద్దులే నాయనా" అన్నాను ఆ సాయంత్రం.

"డాక్టరు ఆపొద్దనె కదా పాపా?"

"ఆయప్పకేం తెలుసు మగ్గం సంగతి? నాలుగు దినాలకు ఏమీ కాదు. నేను చెప్తాండా కదా!"

అమ్మ పోయినప్పటినుంచి ఇంట్లో పెత్తనం నాదే. మాత్ర కోసం చాపిన చెయ్యి నాయన మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఆ నాలుగు రోజులూ ఒక్క చుక్క రక్తం కారలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఐదో రోజు పొద్దున పెళ్లికూతురి వాళ్లకు చీర ఇవ్వడానికి ఇద్దరం హిందూపురం రైలెక్కాం. కిటికీ పక్కన కూర్చోగానే నాకు కునుకు పట్టింది. వేరుశనగ చేలు, మంచు, మళ్లీ చేలు. పెనుకొండ వచ్చేసరికి కొండ అడుగు భాగం మంచులో కరిగిపోయి, పై భాగం గాల్లో తేలుతోంది.

"కొండ సూడు పాపా, యాడికో పోతాండాది" అన్నాడు నాయన.

ఆ చివరి మాట ముద్దగా వచ్చింది. తనకూ నిద్రమత్తేనేమోనని నవ్వుతూ తిరిగాను. నాయన నోరు ఒక పక్కకు వాలిపోయింది. కుడిచెయ్యి ఒళ్లోంచి జారి వేలాడుతోంది. అయ్యో దేవుడా! హిందూపురం వచ్చేదాకా ఆ చేతిని నా రెండు చేతులతో రుద్దుతూనే ఉన్నాను. స్టేషన్లో ఎవరెవరో పట్టుకుని ఆటో ఎక్కించారు. చీర సంచి ఎవరి చేతిలో ఉందో కూడా చూడలేదు.

ఆసుపత్రిలో ఆ డాక్టరే. తలకు స్కానింగ్ తీయించి, "ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడు?" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోగా మంచం మీది నుంచి నాయన, వంకర పోయిన నోటితోనే, "పొద్దున్నే... ఏసుకుంటి" అన్నాడు. నావైపు చూస్తూ అన్నాడు.

నన్ను కాపాడుతున్నాడు. నేనేమో ఊరుకున్నాను. ఎంత సిగ్గుమాలినదాన్ని! తిట్లు తప్పాయి కదా అని లోలోపల ఊపిరి పీల్చుకున్నాను కూడా.

డాక్టరు చేతిలో కాగితం పక్కన పెట్టేశాడు. "అయితే గడ్డ కరిగించే సూది వెయ్యలేం. ఈ మాత్ర ఒంట్లో ఉండగా అది వేస్తే రక్తం ఆగదు."

"అబద్ధం సార్!" అని అరిచాను. "నాలుగు దినాలు దాటె. చీర కోసరమని నేనే ఆపిస్తి. ఆయన తప్పేం లేదు. సూది ఏయండి సార్, మీ కాళ్లు పట్టుకుంటా."

ఆయన నన్ను తిట్టడానికి కూడా ఆగలేదు. పరుగులాంటి నడకతో లోపలికి పోయాడు.

సూది వేశాక, సాయంత్రానికి నాయన మాట కొంచెం తేటపడింది. "ఎందుకు చెప్తివి పాపా? ఆయప్ప నిన్ను తిడతాడనే కదా నేను..." అన్నాడు. నేను మంచం పట్టీ మీద తలపెట్టి బావురుమన్నాను. కుడిచెయ్యి వణుకుతూ లేచి నా జుట్టు మీదికి వచ్చింది. నాలుగు వేళ్లు తల నిమిరాయి. బొటనవేలు కదల్లేదు. ఈ రోజుకీ కదల్లేదు.