మెదక్ గుట్ట మీద పిడుగుకు కాపలా

అడవి ఎక్కడ అంటుకోవచ్చో ముందుగా చెప్పడం నా ఉద్యోగం. గాలి వేగం, గాలిలో తేమ, పిడుగులు పడే అవకాశం, ఈ మూడూ కలిపి హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని పటం మీద రంగులు వేస్తాను. పదేళ్లయినా కాలే అడవిని కళ్లతో చూసింది లేదు. ఏప్రిల్ చివర్లో మెదక్ అడవి మీద ఎరుపు రాగానే, "ఒకసారి వెళ్లి చూసి రండి" అన్నారు మా పై అధికారి.

ఉదయం ఆరున్నరకు జూబ్లీ బస్టాండులో మెదక్ బస్సెక్కాను. నర్సాపూర్‌లో ఆగినప్పుడు ఇడ్లీ తిన్నాను. పక్క సీటు పెద్దాయన నా పని గురించి అంతా విని, "అంటే జోశ్యం చెప్తవన్నట్టు. మా బోరుల నీళ్లు పడ్తయా, జర చెప్పు బిడ్డా" అన్నాడు. నాకు నిప్పు సంగతే తెలుసు, నీళ్ల సంగతి తెలియదన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

తొమ్మిదిన్నరకు మెదక్‌లో దిగాను. అడవి బీట్ ఆఫీసర్ స్వరూప బైక్ మీద వచ్చి గుట్ట దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ కాపలా మనిషి ఎల్లయ్య కొత్త పంచె కట్టుకుని బయల్దేరబోతున్నాడు.

"ఇయ్యాల నా మనుమణ్ణి తొట్టెల్ల ఏస్తున్నరు సారూ. పాపన్నపేటల దావత్. తాతనే లేకుంటె ఎట్ల?"

మూడింటికి మబ్బు వస్తుందని, చినుకు నేల చేరకముందే ఆరిపోతుందని, పిడుగు మాత్రం పడుతుందని చెప్పాను. గాలి పడమటి నుంచి వీస్తుంది. తూర్పున గుట్ట కిందే తండా, గడ్డివాములు.

ఎల్లయ్య ఆకాశం చూశాడు. మచ్చుకైనా మబ్బు లేదు. "పిడుగు గూడ టైం చెప్పి వస్తదా?"

"తండా ఉంది గద తాతా. ఉందాం" అంది స్వరూప.

మూడయింది. మబ్బు రాలేదు. మూడున్నరకు ఎల్లయ్య భార్య ఫోన్ చేసింది. ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నా ఆమె మాట మా అందరికీ వినిపించింది. "గా సారునే ఎత్తుకొని రా! తొట్టెల్ల పండవెడ్తం!" నేను చెట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. పిడుగు పడాలని అంతగా కోరుకున్నది, కోరుకున్నందుకు అంతగా సిగ్గుపడ్డది ఆ రోజే.

నాలుగుంపావుకు పడమట నల్లబడింది. ఉరుము వినిపించేలోపే ఎండిన తాడిచెట్టు తల భగ్గుమంది. నిప్పులు కింది ఆకుల మీద రాలాయి. నేను ఫోన్ తీసి ఫొటోలు తీయసాగాను.

"సారూ, ఎన్కకు రాండ్రి! గాలి మీ దిక్కే ఉన్నది!" అని అరిచింది స్వరూప.

గాలి ఎటు వీస్తుందో పొద్దున వాళ్లకు చెప్పింది నేనే. సరిగ్గా దానికి ఎదురుగా నిలబడ్డదీ నేనే. ప్యాంటు అంచు కమిలింది. ఎల్లయ్య నన్ను చొక్కా పట్టి పక్కకు లాగి, నా చేతిలో పచ్చి కొమ్మ పెట్టాడు. స్వరూప ఆకులు ఊదే మిషన్‌తో ముందు దారి శుభ్రం చేస్తుంటే, మేమిద్దరం వెనక మంట మీద బాదాం. ముప్పావు గంట పట్టింది. శుభ్రం చేసిన గీత దగ్గర మంట ఆగిపోయింది. కింద తండా ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు.

అప్పుడు నాలుగు చినుకులు పడ్డాయి. ఎల్లయ్య నుదుటి మీది చుక్క తుడుచుకుని, "గిదేనా మీ వాన?" అన్నాడు.

ఆరింటికి ముగ్గురం మసి మొహాలతో పాపన్నపేట చేరాం. ఎల్లయ్య భార్య తిట్టడానికే గడప దిగింది. భర్త కాలిన కనుబొమ్మలు చూసి ఆగి, మనుమణ్ణి తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. పసివాడు గుక్క పట్టాడు. "మీరు గూడ తినుండ్రి సారూ. ముక్కలైతె అయిపోయినయ్, బొక్కలున్నయ్" అంది. అంత రుచైన ఎముకల పులుసు నేనెప్పుడూ తినలేదు.

రాత్రికి మెదక్ లాడ్జిలో పడుకుని, పొద్దున ఏడింటి బస్సెక్కాను. మెదక్ అడవి చూడాలనుకునేవాళ్లు వానాకాలంలో వెళ్లండి. ఎండాకాలమే అయితే నూలు బట్టలు వేసుకోండి, నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది.

నర్సాపూర్ దాటాక స్వరూప ఫోన్ చేసింది.

"సారూ, ఎల్లయ్య తాత అడగమంటుండు. ఎల్లుండి రేగోడ్‌ల వాళ్ల బామ్మర్ది కొడుకు పెండ్లట. పోవచ్చునా?"

నవ్వు వచ్చింది, కానీ నవ్వలేదు. పదేళ్లుగా సూచనలు పంపుతున్నాను. ఎవరైనా తిరిగి అడిగింది అదే మొదటిసారి. పటం తెరిచి గాలి, తేమ, పిడుగు మూడూ చూశాను.

"వెళ్లమనండి. భోంచేసి రెండింటికల్లా గుట్ట మీద ఉండాలి."

"మంచిది సారూ" అని పెట్టేసింది. బాలానగర్ వచ్చేదాకా ఆ లెక్కను ఇంకా రెండుసార్లు సరిచూసుకున్నాను.