మగ్గం చప్పుడు లేని కొండ

ఒక గైడ్ పుస్తకం కోసం ఓబులేసు ధర్మవరం నుంచి పెనుకొండకు మూడుసార్లు బస్సెక్కాడు. కార్ల ఫ్యాక్టరీ పనిమీద వచ్చే విదేశీ ఇంజినీర్లు దిగే అతిథిగృహం ఒకటి అక్కడ ఉంది. వాళ్ళు వెళ్ళిపోతూ వదిలేసిన పుస్తకాలన్నీ రిసెప్షన్ పక్క బీరువాలో చేరాయి. ఆ రిసెప్షన్‌లో పనిచేసే హరిత ఓబులేసుకు చెల్లెలి కూతురు.

"మళ్ళీ వచ్చినావా మామా! ఏదో ఒకటి తీసుకొని పోగూడదా?" అంది మూడోసారి.

ఏదో ఒకటి తీసుకుపోయే మనిషైతే ముప్పై నాలుగేళ్ళు అట్టలు కొట్టి ఉండడు. చీర అంచులో నెమలి రావాలన్నా మామిడిపిందె రావాలన్నా ముందు గ్రాఫు కాగితం మీద గళ్ళలో వేసుకుని, ఆ లెక్కన అట్టలకు బెజ్జాలు కొట్టి, వరసగా కుట్టి జకార్డు మగ్గానికి ఎక్కించాలి. ఒక్క బెజ్జం తప్పితే నెమలికి కన్ను పోతుంది. ఇప్పుడా పని కంప్యూటర్ చేస్తోంది. ఓబులేసు అట్టలు కొట్టే మిషను చేనేత సొసైటీ గదిలో గుడ్డ కప్పుకుని కూచుంది.

సొసైటీ ప్రెసిడెంటు గంగాధరప్పది హిందూపురం. మాట మెత్తన, పట్టు గట్టి. "షోరూములో అద్దాల గది కట్టిస్తానప్పా. నీ మిషను ఆడ పెడదాం. టూరిస్టులు వస్తే నాలుగు అట్టలు కొట్టి సూపిచ్చు, సాలు. నీ పేరుతో బోర్డు కూడా పెడతా" అన్నాడు. కాదంటే మిషను పాత ఇనుముకు పోతుంది. గది కావాలి వాళ్ళకు.

ఓబులేసు ఔననలేదు, కాదనలేదు. అదే సమయానికి ఫ్రాన్సులో లియాన్ అనే ఊళ్ళో జరిగే చేనేత ప్రదర్శనకు సొసైటీని పిలిచారు. గంగాధరప్పతో ఓబులేసు కూడా వెళ్ళాలి. నాలుగు రోజులు స్టాలు, మధ్యలో ఒక పూట సెలవు. ఆ ఊళ్ళో ఒక కొండమీద పాత పట్టుమగ్గాలున్న ఇల్లుందని, వచ్చినవాళ్ళకు నేసి చూపిస్తారని ఎవరో చెప్పారు. జకార్డు పుట్టిందే ఆ ఊళ్ళోనట. అలా చూపించడానికి కూచున్న మనిషి ఎట్లా ఉంటాడో ఒకసారి చూడాలి. చూసొచ్చి జవాబు చెప్పాలి. ఆ ఒక్క పూటలో దారి తప్పకూడదు, అందుకే పుస్తకం.

లియాన్ గురించి మూడు పుస్తకాలున్నాయి. ఒకటి నిండా బొమ్మలే. రెండోది నిండా తిండే. మూడోదానికి అట్ట ఊడింది, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. రెండుసార్లు వచ్చి తిరగేసినా తేల్చుకోలేకపోయాడు. ఈసారి అతనికొక ఉపాయం తట్టింది.

"ఇవి రాసిన ముగ్గురూ మన దేశం మీద రాసిన పుస్తకాలు కూడా ఉండాయా?"

"ఉండాయి. ఎందుకు?"

"మన పక్క ఏం రాసినారో సదువు. తెలిసిన ఊరే తప్పు రాసినోని మాట తెలియని ఊళ్ళో ఎట్ల నమ్మేది?"

బొమ్మల పుస్తకం రాసినవాడు ధర్మవరంలో నూలు దుప్పట్లు బాగుంటాయన్నాడు. తిండి పుస్తకంవాడు హిందూపురం నుంచి పెనుకొండ కోటకు పావుగంట ప్రయాణమన్నాడు. "యాడికాడికి ఎగిరి పోయినాడేమో పాపం" అన్నాడు ఓబులేసు. అట్ట ఊడినది రాసినవాడివి నాలుగే వాక్యాలు. ధర్మవరం రైల్వే జంక్షను. పట్టుచీరలు ఇళ్ళలోనే నేస్తారు. మగ్గం చప్పుడు వినబడిన గుమ్మం ముందు నిలబడి పిలిస్తే లోపలికి రమ్మంటారు. టోపీ మరవొద్దు, నీడ లేదు.

ఓబులేసు పడీపడీ నవ్వాడు. "వీడు వచ్చినాడు పాపా! వచ్చి, ఎండకు మాడినాడు కూడా. ఇదే ఇయ్యి."

ఇంటికి తెచ్చాక వారం రోజులు నిద్ర సరిగా లేదు. పుస్తకంలోని కొండ పటాన్ని గ్రాఫు కాగితం మీదికి ఎక్కించాడు, గడికి పది అడుగులు. సందులు నల్లగా, మెట్లు ఎర్రగా. భార్య ఈశ్వరి తొంగి చూసి, "ఆ ఊరిని గూడా అంచులో ఏస్తావా ఏమి? ఎవరు కట్టుకుంటారో ఆ చీర!" అంది.

అంత చేసినా, లియాన్‌లో ఆ సెలవు పూట గంగాధరప్పతో కలిసి కొండెక్కిన రెండు గంటలకు కూడా ఆ ఇల్లు దొరకలేదు. వీధులు పటంలో ఉన్నట్టే ఉన్నాయి. మెట్లూ ఎన్ని వేశాడో అన్నే ఉన్నాయి. చప్పుడు మాత్రం లేదు. ధర్మవరంలో ఏ సందులోకి తిరిగినా మగ్గం చెవిలో పడుతుంది, ఆ చెవి వెంట నడిస్తే చాలు. ఇక్కడ ఇళ్ళు మగ్గం పట్టేటంత ఎత్తుగా ఉన్నాయి, కిటికీలు మనిషికి రెండింతలున్నాయి, లోపల ఎవరూ లేనట్టు నిశ్శబ్దం. గ్రాఫు ప్రకారం ఒక తలుపు ముందుకు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ చెవి ఒగ్గి, ఇది కాదులే అని దాటిపోయాడు.

గంగాధరప్ప మెట్టుమీద కూలబడ్డాడు. "ఏమప్పా, నాలుగు గంటలకు స్టాలులో ఉండల్ల మనం. నీ పటం ఈడే అంటాంది, పుస్తకం ఈడే అంటాంది, తలుపు మీద మగ్గం బొమ్మ కూడా ఉండాది. ఇంగెవరు చెప్పల్ల నీకు?"

"సప్పుడు లేదు కదన్నా."

"అన్నానికి పోయింటారు! వాళ్ళకు ఆకలి కాదా?"

ఓబులేసు సిగ్గుపడ్డాడు. రెండున్నరకు తలుపు తీశారు.

లోపల నెరిసిన జుట్టు ఆడమనిషి ఒకామె మగ్గం మీద కూచుని ఉంది. పైన అట్టల దండ వేలాడుతోంది. ఆ అట్టలను చూడగానే ఓబులేసు వేళ్ళు ఊరికే ఉండలేకపోయాయి. చూడవచ్చిన ఇరవైమంది ఫోన్లు ఎత్తారు. ఆమె కాలితో తొక్కి నాలుగు పోగులు నేసింది, అందరూ ఆహా అన్నారు, ఆపి మాట్లాడింది. మళ్ళీ నాలుగు పోగులు, మళ్ళీ మాటలు.  నేసే చెయ్యి అట్లా ఆగకూడదు. అద్దాల గదిలో తన చెయ్యి కూడా ఇట్లాగే ఆగుతుంది, రోజుకు పదిసార్లు.

అందరూ పక్కగదిలో అమ్మే వస్తువుల దగ్గరికి వెళ్ళారు. గంగాధరప్ప గడియారం చూపించాడు. ఓబులేసు కదల్లేదు.

ఆమె ఎవరూ లేరనుకుని మగ్గంవైపు తిరిగింది. మాటల్లో పడి నేసిన చివరి పోగులు వదులుగా వచ్చాయి. వాటిని ఒక్కొక్కటే విప్పింది. దండలో అట్టల్ని అన్నే వెనక్కి తిప్పి, మళ్ళీ నేసింది. ఈసారి ఆగలేదు. పువ్వు రేకు మూసుకునేదాకా నేసి, అప్పుడు చూసింది ఓబులేసును.

"ఎవరికంట అడుగన్నా ఆ గుడ్డ" అన్నాడు.

గంగాధరప్ప తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగి చెప్పాడు. "ఏదో పాత బంగళా కుర్చీలకంట. ఆర్డరు. ఎప్పుడైతే అప్పుడే తీసుకుంటారంట."

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే గంగాధరప్ప అందుకున్నాడు. "సూసినావు కదా. ఇట్లనే ఉంటాది మనదీ. ఇంగ బోర్డు రాయించల్లా?"

"అద్దం వద్దన్నా. నేను కొట్టిన అట్ట మగ్గానికి ఎక్కల్ల. ఎక్కేటట్లుంటే ఎవురొచ్చి సూసినా నాకేం లేదు."

"కంప్యూటర్ గంటలో కొట్టేదానికి నీకు వారమిచ్చి చీర నేయించుకునేది ఎవరప్పా?"

"ప్రెసిడెంటువు నువ్వు. ఆర్డర్లు తే."

"తేలేకపోతే?"

"పాత ఇనుముకు ఎయ్యి. సూపిచ్చేదానికని మాత్రం కూచోను."

అన్నాక భయమేసింది. మాట జారిందేమో, రేపు ఊరికి పోయేసరికి గది ఖాళీ చేసి పెట్టి ఉంటారేమో. వెనక్కి తీసుకోవాలనిపించలేదు మాత్రం. గంగాధరప్ప పది మెట్లు దిగి, పదకొండోదాని మీద ఆగాడు.

"ఏడాదికి రెండు చీరలంటే?"

"ఆరు."

"మూడు. బెంగళూరులో ఒకరిద్దరు తెలుసు నాకు, అడిగి సూస్తా. మాట ఇయ్యను."

"నాలుగు" అన్నాడు ఓబులేసు, అతనికంటే ముందు కిందికి దిగుతూ.