ఖబూరాలో మొంత్రేయ్ గోడ

మొన్నొక ఆదివారం మా కోడలు నన్ను కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన పెద్ద ఏసీ దుకాణానికి తీసుకెళ్ళింది. అక్కడ పండ్లకు కూడా బనియన్లు తొడుగుతారని నాకు అప్పుడే తెలిసింది. తెల్లటి నురగ జాలీలో కూర్చున్న ఒక ఎర్రటి పండును చూపించి, "మామయ్యా, ఇది పీచ్ పండు. మీరెప్పుడూ తిని ఉండరు" అంది. తినలేదు, నిజమే. కానీ ఆ పండును ఫ్రాన్సులో ఒకప్పుడు ఏ ఊళ్ళో పెంచేవారో, దాని కోసం ఎలాంటి గోడలు కట్టేవారో, కొమ్మను ఆ గోడకు దేనితో కట్టేవారో నాకు ముప్పై ఏళ్ళ కిందటే తెలుసు. ఆ మాటే చెప్పాను. కోడలు నా మొహం కేసి ఓసారి చూసి, ఎండన పడి వచ్చాం కదా అని చల్లటి నీళ్ళ సీసా కొనిచ్చింది.

అప్పట్లో, అంటే తొంభై దాటిన తొలి ఏళ్ళలో, నేను ఒమన్‌లో ఖబూరా అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో దర్జీని. మా అక్క మొగుడు, అంటే మా బావ, నా వెనకాలే వచ్చి అదే ఊళ్ళో ఒక తోట యజమాని దగ్గర మేస్త్రిగా కుదిరాడు. యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు. బావకు ఒక అలవాటుండేది. ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు మనిషిని పలకరించడు, గోడను పలకరిస్తాడు. అరచేత్తో నిమిరి, గోటితో గీకి, "సిమెంటు తక్కువేసిండ్రు" అని తీర్పు చెప్పాకే చాయ్ ముట్టేవాడు. నా దుకాణం గోడకు కూడా నలభై వంకలు పెట్టాడు. నేను కుట్టిన చొక్కా తొడుక్కుని, నేను పోసిన చాయ్ తాగుతూ మరీ పెట్టాడు.

అర్బాబ్ ఇంటి వెనక గదుల్లో ఒక ఫ్రెంచావిడ అద్దెకుండేది. ఊళ్ళో బావులన్నీ తిరిగి నీళ్ళలో ఉప్పెంత పెరిగిందో కొలవడం ఆమె డ్యూటీ. అందుకని అందరం నీళ్ళ మేడమ్ అనేవాళ్ళం. ఆమె గదిలో పెచ్చులూడిన గోడకు బావ పూత పూస్తుంటే కుర్చీ వేసుకుని పొద్దంతా చూసిందట. పని ముగిసి దేశానికి వెళ్ళిపోయే రోజున బావ చేతిలో ఒక పలచటి పుస్తకం పెట్టి, తనదీ మేస్త్రీల ఊరేనని వచ్చీరాని హిందీలో చెప్పిందట. వాళ్ళ ఊరు చూడవచ్చే విజిటర్ల కోసం అచ్చు వేసిన గైడు అది. ఒక పేజీ ఫ్రెంచి, ఎదురు పేజీ ఇంగ్లీషు. బావకు సంతకం తప్ప అక్షరం రాదు. నేనేమో ఇంటర్‌లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పినవాణ్ణి. అలా ఖబూరా మొత్తానికి బావకు దొరికిన పండితుణ్ణి నేనే అయ్యాను.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం చేపల పులుసు తిని, ఫ్యాను కింద చాప పరుచుకుని, నేను చదవడం, బావ వినడం. ఆ ఊరి పేరు మొంత్రేయ్. మస్కట్‌ను ఆనుకుని మబేలా ఉన్నట్టు పారిస్‌ను ఆనుకుని ఉంటుందట. రైలు ఎక్కడ దిగాలి, పాత చర్చి ఎటు, సంత ఏ రోజు, అన్నీ ఉన్నాయి. బావకు అవేవీ పట్టలేదు. ఆ ఊరి నేలలో జిప్సం దొరికేదట. దాన్ని కాల్చి, పొడి చేసి, తోటల నిండా గోడలు కట్టి పూత పూసేవారట. గోడ వెంబడి పీచ్ చెట్లు నాటి, కొమ్మల్ని గోడమీద చేతివేళ్ళలా పరిచి, గుడ్డ పేలికలు చుట్టి మేకులు కొట్టేవారట. పగలంతా ఎండ తాగిన గోడ రాత్రంతా ఆ వేడిని చెట్టుకు పంచేదట. అలా పండిన పండ్లు రాజుగారి భోజనానికి వెళ్ళేవట. తర్వాత రైళ్ళొచ్చాయి, దక్షిణాది పండ్లు చవకగా దిగాయి, తోటలు ఒక్కొక్కటే పోయాయి. కొన్ని గోడలు మాత్రం మిగిలాయి, విజిటర్లు తప్పక చూడాలి అని రాశారు.

బావ లేచి కూర్చున్నాడు. "గోడ సూడనీకి మనుషులు పోతరార? రైలెక్కి?"

"పోతరట బావా."

"మరి గీ మబేలాకు ఎవలన్న గిట్ల బుక్కు రాస్తే, మేస్త్రీలు కరీంనగర్ దిక్కుకెళ్ళి వచ్చిండ్రని రాస్తరా?"

"ఎవలు రాయకుంటే నేను రాస్త తియ్యి. ముందు పండుకో" అన్నాను. అతను పండుకోలేదు. ఆ పేజీ మళ్ళీ చదివించుకున్నాడు.

ఆ చలికాలంలో బావ కడుతున్న అర్బాబ్ కొత్త ఇల్లు పూర్తయింది. ఇల్లు పూర్తయ్యాక మేస్త్రితో ఏం పని? ఎండాకాలం చివర వీసా ముగుస్తుంది, మళ్ళీ కొట్టించేది లేదని అర్బాబ్ మర్యాదగానే చెప్పేశాడు. మా మేనకోడలు అప్పుడు తొమ్మిదో తరగతి. బావ తిరిగొచ్చేస్తే పిల్లను బడి మాన్పించి బీడీలు చుట్టడానికి కూర్చోబెట్టక తప్పదని మా అక్క ఉత్తరం రాయించింది. ఆ ఉత్తరం చదివింది కూడా నేనే. బావ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా బిడ్డ ఒళ్ళెకు బీడీల చాట రావద్దుర బామ్మర్దీ. రెండేండ్లు. ఇంకో రెండేండ్లు నన్ను ఈడ ఉండనిస్తే సాలు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దారం తెగిందన్న వంకతో మెషీన్ మీదికి వంగాను.

అర్బాబ్ తల్లి కొండల మీది ఊరి నుంచి కోడలిగా దిగివచ్చిన మనిషి. పుట్టినింట్లో ఉన్న అంజూర చెట్టు ఇక్కడా ఉండాలని ఆమె కోరిక. కొడుకు రెండుసార్లు కొండ నుంచి మొక్కలు తెప్పించాడు, రెండుసార్లూ చచ్చాయి. బావ ఆ కబురు పట్టుకుని, గైడు చంకలో పెట్టుకుని అర్బాబ్ దగ్గరికి వెళ్ళాడు. ఫ్రాన్స్ గోడ కడతాను, అంజూర బతికిస్తాను, బతికితే నన్ను ఉంచుకో, లేకపోతే టికెట్ ఇచ్చి పంపెయ్ అన్నాడు. అర్బాబ్ నవ్వాడు. తల్లి మాత్రం నవ్వకుండా కట్టమంది.

తోట నడుమ, ఉత్తరం నుంచి దక్షిణానికి, నిలువెత్తు గోడ లేచింది. పడమటి వైపు, ఎండ బాగా కొట్టే వైపు, అయిదు మొక్కలు నాటాడు. పేలికలు నా దుకాణంవే. ఎర్రవీ, పచ్చవీ, జరీ అంచువీ చూసి, అదేదో దర్గా అనుకుని కడప నుంచి వచ్చిన ఒక డ్రైవర్ సలాం పెట్టి వెళ్ళాడు. మాఘమాసం నాటికి ఆకులు వచ్చాయి. బావ దారిన పోయేవాళ్ళందరినీ ఆపి చూపించాడు.

తర్వాత ఎండలు ముదిరాయి. అక్కడ ఎండాకాలంలో ఎడారి నుంచి పడమటి గాలి వీస్తుంది, పొయ్యి మూత తీసినట్టే. ఆ గాలీ, ఆ గోడా కలిసి ఆకుల్ని అప్పడాల్లా వేయించేశాయి. అర్ధరాత్రి దాటినా గోడ మీద చెయ్యి పెట్టలేకపోతున్నానని బావే చెప్పాడు. మూడు మొక్కలు చచ్చాయి, రెండు మోడులై మిగిలాయి. అర్బాబ్ వచ్చి చూసి, "మేస్త్రి, షజర్ మాఫీ. ఖలాస్" అన్నాడు. చెట్టు లేదు, అయిపోయింది అని. బావ గైడు తెచ్చి నా మెషీన్ మీద పెట్టాడు.

"అది సలిదేశమని గీ బుక్కుల రాయలేదార?"

"రాసింది బావా. నేను సదివిన గూడ."

అవును, చదివాను. చలి దేశంలో వేడి దాచుకోవడానికి కట్టిన గోడ అని నా నోటితోనే చదివాను. రేకుల రూములో ఉడుకుతూ బతికే ఇద్దరు మగవాళ్ళం, రాత్రంతా వేడి పంచే గోడ అనగానే ఆహా ఓహో అనుకున్నాం! మా తెలివి తెల్లారినట్టే ఉంది.

నాలుగు రోజుల తర్వాత బావ మేకులు పీకడానికి వెళ్తే నేనూ తోడు వెళ్ళాను. అప్పటికి పొద్దు పడమటికి తిరిగింది. గోడకు అవతల, తూర్పు వైపు, అర్బాబ్ తల్లి చాప వేసుకుని కాఫీ తాగుతోంది. ఎన్నాళ్ళ నుంచో రోజూ అక్కడే కూర్చుంటోందట, మేం అటు పోయి చూస్తే కదా! ఆ పక్కన నీడ, వేడిగాలి తగలదు, నేల చల్లగా ఉంది. ఆమె మమ్మల్ని పిలిచి, ఖర్జూరాలు చేతిలో పెట్టి, గోడకు ఆవలున్న ఆ మోడుల వైపు చెయ్యి చూపిస్తూ అరబ్బీలో అడిగింది: "నేను కూర్చోగలిగిన చోట అవి కూర్చోలేవా?"

బావ అక్కడికక్కడే మేకులు పారేసి గడ్డపార అందుకున్నాడు. మట్టిగడ్డతో సహా రెండు మోడుల్నీ ఆమె కూర్చునే తూర్పు వైపుకు మార్చాం. ఆ రోజు నుంచి ఆమె తన స్నానం నీళ్ళు కూడా వాటికే మళ్ళించమంది. బావ పొద్దునా సాయంత్రం వాటి ముందు గొంతుక్కూర్చునేవాడు. ఆ కాసిని వారాలు నేను కుట్టిన బట్టల్లో ఎన్ని కుట్లు వంకర పోయాయో చెప్పలేను.

వీసా ముగియడానికి పన్నెండు రోజులున్నాయనగా ఒక మోడు మొదట్లో బఠాణీ గింజంత పచ్చదనం కనబడింది. మొదట చూసింది ముసలమ్మే. కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది. ఆ గురువారం అర్బాబ్ నా దుకాణానికే వచ్చి, అక్కడున్న బావను చూసి రెండు వేళ్ళెత్తాడు. "సనతైన్, మేస్త్రి." రెండేళ్ళు. బావ లేచి, ఏం చెయ్యాలో తోచక, నా దుకాణం గోడ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. మొదటిసారి దానికి వంక పెట్టలేదు.

ఆ రెండేళ్ళు పదకొండేళ్ళయ్యాయి. రెండో అంజూర కూడా చిగిర్చింది. మా మేనకోడలు పదో తరగతి దాటి, కాలేజీ దాటి, టీచరమ్మ అయింది. ముసలమ్మ ఆ చెట్టు పండ్లు నాలుగు కాపులు తిని కన్నుమూసింది. అప్పుడు మేం దేవుణ్ణి అడిగింది ఒక్క ఎండాకాలం గట్టెక్కించమని మాత్రమే. కాలం దగ్గర అంతకంటే ఎక్కువ ఉంటుందని, అది మనం అడగకుండానే ఇస్తుందని మా ఇద్దరికీ అప్పటికి తెలియదు.