చెప్పులు నిలబడిన వరుస

మొన్న మధ్యాహ్నం షార్జా అవతల కల్బాలో మా మేనల్లుడి కిరాణా కొట్టులో, గల్లా వెనక కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతుంటే ఫోను టింగుమంది. పార్టీ రాష్ట్ర అధ్యక్షుణ్ణి మళ్లీ ఎన్నుకుంటున్నారట, ఆ ఎన్నికకు గల్ఫ్ తరఫున పోవాల్సిన ప్రతినిధి ఎవరో మేమే తేల్చాలట, గ్రూపులో రెండు పేర్లు పెట్టారు, నచ్చిన పేరు పక్కనున్న గుండ్రంలో వేలు పెడితే చాలు, పని అయిపోతుంది. సరేలెమ్మని అద్దాలు పెట్టుకుని ఎవరెవరు నొక్కారో చూస్తూ, ఇంకా ఎవరెవరు నొక్కాలో అని గ్రూపులో ఉన్నవాళ్ల పేర్లన్నీ కిందికి జరుపుకుంటూ పోయాను. పోయి పోయి ఒక చోట నా వేలు ఆగిపోయింది. పచ్చ హెల్మెట్ పెట్టుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఫొటో. ఆ మనిషి చనిపోయి మూడేళ్లు దాటింది. ఎండ ఫెళ్లున కాస్తున్న వేళ, కొట్టు నిండా జనం ఉండగా, నాకు ఒళ్లు జలదరించింది.

అప్పుడు నేను దుబాయ్‌లో అల్ ఖూజ్ కూలీల క్యాంపులో మెస్సు వంటవాణ్ణి. కరోనా సద్దుమణిగి, మూతులకు కట్టుకున్న గుడ్డలు తీసేసి, మళ్లీ ఒకరి పక్కన ఒకరు కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టిన కాలం. రాష్ట్ర అధ్యక్షుణ్ణి పైవాళ్లు నియమించడం కాదు, జిల్లాల నుంచి వచ్చిన ప్రతినిధులే ఓటేసి ఎన్నుకుంటారనీ, గల్ఫ్‌లో ఉన్న మా బోటి వాళ్లకు కూడా ఒక ప్రతినిధి ఉంటాడనీ, ఆ మనిషిని ఈసారి మా క్యాంపే పంపాలనీ కబురొచ్చింది. ఎంత సంబరపడ్డామో ఏం చెప్పను! అంతవరకూ ఊళ్లోవాళ్లకు ఫోన్ చేసి ఓట్లేయించండని మాతో చెప్పినవాళ్లే గానీ, నాయనా నీకెవరు కావాలని అడిగిన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు.

అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీ. ఒకాయన పాతకాలపు పెద్దమనిషి, వయసు మళ్లిన గల్ఫ్ కూలీలకు పింఛను ఇప్పిస్తానన్నాడు. రెండో ఆవిడ మా జిల్లా ఆడకూతురే, అందరం అక్క అనేవాళ్లం. ఇక్కడ ఎవరైనా కన్నుమూస్తే శవపెట్టె ఊరు చేరేదాకా తాను సర్కారు గుమ్మంలోంచి లేవనని అక్క మాటిచ్చింది. ఈ మాట విలువ నాతోటివాళ్లకు వేరే చెప్పాలా? కరోనాలో పోయినవాళ్లు ఇక్కడి మట్టిలోనే కలిసిపోయారు, పోయినవాడి ముఖం చూడలేదు కాబట్టి పోయాడని నమ్మని ఇళ్లు మా వైపు ఇంకా ఉన్నాయి. అందుకే మా క్యాంపు ఓటు ఒక్కటైనా సరే, అది అక్కకే చేరాలని నాలాంటివాళ్లం పట్టుపట్టాం.

అక్క పక్షాన వెళ్తానన్నవాడు మా చెల్లెలి భర్త, స్టీల్ పనివాడు. మేమిద్దరం ఒకరినొకరు బావా అని పిలుచుకుంటే, క్యాంపు మొత్తం అతన్నే బావా అనడం మొదలుపెట్టింది. పెద్దాయన పక్షాన వెళ్తానన్నవాడు కంపెనీ బస్సు డ్రైవరు, హైదరాబాదు పాతబస్తీ మనిషి, మాకందరికీ భాయి. ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు, తింటూనే కొట్లాడుకునేవాళ్లు.

ఇక ఎన్నుకునే పద్ధతి సంగతి. చీటీలు, డబ్బాలు మాకు కుదిరే పని కాదు. ఎవరికి కావాల్సిన మనిషి వెనక వాళ్లు నిలబడాలి, ఎవరి వరుస పొడుగైతే వాళ్లు గెలిచినట్టు, అంతే. మరి డ్యూటీలో ఉన్నవాళ్ల మాటేమిటి? దానికి మా క్యాంపులో ఎప్పటినుంచో ఒక కట్టుబాటు ఉంది. బాత్రూము ముందు బకెట్ పెట్టినా, స్టవ్ ముందు గిన్నె పెట్టినా అక్కడ మనిషి నిలబడ్డట్టే లెక్క, దాన్ని జరిపిన మొగాడు లేడు. డ్యూటీకి అందరూ సేఫ్టీ బూట్లు వేసుకుని పోతారు గనక చెప్పులు మంచాల కిందే ఉండిపోతాయి, కాబట్టి రానివాడి చెప్పులు వాడు చెప్పిన వరుసలో పెట్టాలని తీర్మానించుకున్నాం. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు, మాకు మాత్రం అది కోర్టు కాగితం కన్నా గట్టిది.

మా గదిలో నా కింది మంచం అతను నాకు చుట్టం కాడు, మా పక్కూరివాడు, పెద్దన్నా పెద్దన్నా అంటూ నా వెనకే తిరిగేవాడు గనక తమ్ముడనే అనుకునేవాణ్ణి. ఆ రోజు తెల్లవారుజామున బస్సు హారన్ కొడుతున్నా వెనక్కి పరుగెత్తుకొచ్చి, మెస్సు కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. "పెద్దన్నా, నా చెప్పులు మంచం కింద ఉన్నయ్. బావ ఎనక పెట్టు. మర్చిపోకు మల్ల!" చేతిలో గరిటె ఉంది, పప్పు అడుగంటుతోంది, పోరా నాయనా బస్సు పోతుందని కసిరాను. నవ్వుకుంటూ పోయాడు.

గుంపు కూడితే క్యాంప్ బాస్ హడలిపోతాడని, పుట్టినరోజు పేరు పెట్టి కేకు తెప్పించాం. పుట్టినరోజు ఎవరిదయ్యా అంటే బావదేనని చెప్పాం, ఆ మహానుభావుడికి తను పుట్టిన నెల కూడా తెలియదు. సాయంత్రం బట్టలారేసే తీగల వెనక ఖాళీ స్థలంలో బావ ఒక పక్క, భాయి ఒక పక్క నిలబడ్డారు. మనుషులు వెనక చేరారు. మనుషుల మధ్య చెప్పుల జతలు, రబ్బరువి, తోలువి, తెగి కుట్టినవి, అన్నీ ముందుకే ముఖం పెట్టి బుద్ధిగా నిలబడ్డాయి. మొదట నవ్వుకున్నాం గానీ, మనిషి లేని చెప్పులు అన్ని ఒక్కచోట అలా నిలబడడం మునుపెన్నడూ చూడలేదు.

లెక్క పెడితే రెండు వరుసలూ సమానం. అప్పుడు చప్పున తమ్ముడి మాట గుర్తొచ్చింది. పరుగున గదికి పోయి, మంచం కింద చెయ్యి పెట్టి అతని చెప్పులు లాగాను, నీలం పట్టీవి, ఒక పట్టీ తెగితే రాగి తీగతో కట్టుకున్నాడు. తెచ్చి బావ వరుస చివర పెట్టాను. ఒకే ఒక్క జత ఎక్కువ. భాయి పెద్దగా నవ్వి బావను కావలించుకుని, ఖలాస్, నువ్వే పో, అక్కకే ఎయ్యి అన్నాడు. కేకు కోశాం.

కేకు ఇంకా నోట్లో ఉండగానే సైటు బస్సు వచ్చింది. ఎప్పుడూ అరుచుకుంటూ దిగేవాళ్లు ఆ వేళ తలలు వంచుకుని దిగారు. తమ్ముడు మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడకానుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఆస్పత్రి చేరేసరికే ఊపిరి లేదట. గుండె ఆగిందన్నారు. సైటులో ఫోన్లు ముట్టనివ్వరు గనక అప్పటిదాకా మాకు కబురందలేదు.

అంటే నేను ఆ చెప్పులు తెచ్చి వరుసలో పెట్టేటప్పటికే అతను లేడు. అయ్యో, ఆ చెప్పులు నా చేతికి వెచ్చగానే తగిలాయి, సాయంత్రపు వేడి అనుకున్నాను. ఇప్పటికీ చీకట్లో మంచం కింద చెయ్యి పెట్టాలంటే నాకు భయం.

కాసేపటికి ఎవరో గొణిగారు, పోయినవాడి చెప్పులు ఎట్లా లెక్కకొస్తాయి, ఎన్నిక మళ్లీ పెట్టాలని. మళ్లీ పెడితే లాభపడేది భాయే. ఆ భాయే కళ్లు తుడుచుకుంటూ లేచాడు. "అరే, పొద్దుగాల జిందా ఉండంగనే చెప్పిండు గద. జబాన్ ఇచ్చిండు. ఆ చెప్పులు ఎవ్వరు ముట్టకుండ్రి." ఎవరూ ముట్టలేదు. మనుషులు వెళ్లిపోయారు, డ్యూటీ దిగినవాళ్లు ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని పోయారు, చివరికి ఆ నీలం జత ఒక్కటే ఎవరూ లేని వరుసలో ముందుకు చూస్తూ మిగిలింది. తెల్లారి వంటకు లేచి బయటికొస్తే అక్కడే ఉంది.

భాయి సెలవు పెట్టి ఆస్పత్రికీ కాన్సులేటుకూ తిరిగాడు. తిరగ్గా తిరగ్గా విమానం ఖాయమైంది. ఏం చెప్పాలి మా ఖర్మ, పెట్టె హైదరాబాదులో దిగే రోజూ, అక్కడ ప్రతినిధులు ఓట్లేసే రోజూ ఒకటే అయ్యాయి. బావ పెట్టెతో పాటే పోవాలి, విమానాశ్రయంలో దాన్ని తమ్ముడి బామ్మర్దికి అప్పజెప్పి ఓటుకు పోవాలి, అలా అనుకున్నాం. సంచీలో నీలం చెప్పులు కూడా బావే పెట్టుకున్నాడు.

మేమంతా మెస్సులో ఫోను చుట్టూ చేరి, ఓటేసిన కబురు కోసం కాచుకున్నాం. ఎంతకీ రాకపోయేసరికి నేనే చేశాను. అంబులెన్సు మోత వినబడింది. ఓటు పెట్టిన చోటుకు చేరావా బావా అని అడిగాను. "ఆయన చెప్పులతోని గెలిచిన నేను. ఆయన బామ్మర్ది పోరనికి ఏడుసుడు తప్ప ఏం తెల్వది. పెట్టెను సామాన్ లెక్క అప్పజెప్పి నేను ఓటుకు పోవాల్నా బావా? పోను. పెట్టెతోని వాళ్ల ఊరికే పోతున్న." ఒకరిద్దరు కోప్పడ్డారు, ఇంత చేసింది దేనికని. పెట్టె ఊరు చేరాలనే గదా మేం ఇంత గొడవపడింది, అది చేరుతోంది.

అక్క ఓడిపోయింది. తక్కువ తేడాతో కాదు, చిత్తుగా ఓడింది, బావ ఓటుకు పోయినా ఒరిగేదేం లేదు. అది విన్నాక మనసుకు కాస్త ఊరట కలగాలి గదా, నాకు కలగలేదు. ఆ తర్వాతి ఏడాది క్యాంపును కూల్చడానికి ఖాళీ చేయించారు, బావ మళ్లీ దుబాయ్ రాలేదు, నేను కల్బా చేరాను. ఆ ఖాళీ స్థలం మాత్రం నాతోనే వచ్చింది. కొట్టు గడప దగ్గర గిరాకీ ఎవరైనా చెప్పులు విడిచి లోపలికొస్తే, వాటి ముఖం ఎటు ఉందో చూడందే నాకు కూర్చోబుద్ధి కాదు.

మొన్న ఆ ఫొటో చూసిన కాసేపటికే భాయి దగ్గర్నుంచి ఫోనొచ్చింది, ఆ గ్రూపును నడిపేది ఇప్పుడతనే. కొత్త పిల్లలు లెక్క సరిపోవడం లేదని, లేని మనిషి పేరు తీసెయ్యమని అడుగుతున్నారట. నన్నడిగితే నేను బావను అడిగాను. బావ ఓ సంగతి చెప్పాడు. తమ్ముడి భార్య బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయేటప్పుడు ఆ నీలం చెప్పులే వేసుకుని పోతుందట, కాళ్లకు పెద్దవైనా సరే, రాగి తీగ కూడా విప్పలేదట. "ఇంకా నడుస్తనే ఉన్నయ్ బావా. పేరెట్ల తీస్తరు?"

తియ్యొద్దని భాయికి చెప్పాను. ఇప్పుడు అంతా సులువే, చాయ్ చల్లారేలోపు ఓటెయ్యడం అయిపోతుంది, కేకు అక్కర్లేదు, క్యాంప్ బాస్‌కి భయపడక్కర్లేదు. నొక్కినవాడే లెక్క. నొక్కనివాడు డ్యూటీలో ఉన్నాడా, జ్వరంతో పడుకున్నాడా, అసలు ఉన్నాడా లేడా అని అడిగేవాళ్లు లేరు. తప్పని అనను, కాలం అలాంటిది. గడువు ఈ సాయంత్రంతో అయిపోతుందట, నేనింకా నొక్కలేదు. మర్చిపోకు మల్ల అన్న ఆ గొంతు పొద్దుటి నుంచీ చెవిలోనే ఉంది. మర్చిపోలేదురా తమ్ముడూ, కానీ ఈసారి నీ చెప్పులు ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు.