పప్పు ఉడకని నీళ్లతో కడిగిన కారు

మొన్న ఆదివారం పొద్దున, ఎదురింట్లో కొత్తగా దిగిన బ్యాంకు ఉద్యోగి, ఎక్కడెక్కడో వెతికి కొనుక్కొచ్చిన పాత తెల్ల అంబాసిడర్‌ను వీధిలో నిలిపి బోరు పైపుతో కడుగుతుంటే, వరండాలో కాఫీ తాగుతున్న నేను గ్లాసు కింద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా పరుగున వెళ్లి ఆ పైపు లాగి అవతల పారేశాను. డెబ్బై దాటిన మనిషి చేసే పని కాదది, నాకూ తెలుసు. పాపం అతను బిత్తరపోయాడు. సరదాకు సరదా, పెట్టుబడికి పెట్టుబడి అని కొన్నాడట, ఇలాంటి బండ్ల ధర ఏటేటా పెరగడమే కానీ తగ్గడం ఉండదట. సరిగ్గా ఈ మాటలే, పొల్లుపోకుండా, ఇరవై ఏళ్ల కిందట నేను నా భార్యకు చెప్పాను.

అప్పట్లో నేను సముద్రానికి దగ్గరగా, చుట్టూ రొయ్యల చెరువులున్న ఒక ఊళ్లో సైన్సు మాస్టరుగా పనిచేసేవాణ్ణి. నెల్లూరులో ఒక ముసలి డాక్టరుగారు తన పాతకాలపు అంబాసిడర్ అమ్ముతున్నారని తెలిసి చూడటానికి వెళ్లాను, వెళ్లినవాణ్ణి ఊరికే తిరిగొచ్చానా? ఆ గుండ్రటి దీపాలు, మెత్తటి సీట్లు, తాళం తిప్పగానే పలికే ఇంజను, అవన్నీ చూశాక నాకు అన్నం సయించలేదు. నా భార్యకు నాయుడుపేట దగ్గర, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం కయ్య ఉండేది. ఏటా ఆ కయ్యలో పండిన వడ్లు ఇంటికొస్తే బస్తా విప్పి ముందు ఒక గుప్పెడు వాసన చూసేది, ఆ తర్వాతే లోపల పెట్టనిచ్చేది. అలాంటి కయ్యను అమ్మి ఆ కారు కొందామని నాలుగు నెలలు ఆమె ప్రాణం తీశాను. పెళ్లిళ్లకు బాడుగకు ఇవ్వొచ్చన్నాను, మద్రాసు సినిమావాళ్లు అడుగుతారన్నాను, ఏడాది తిరిగేసరికి మంచి ధరకు అమ్మి కయ్య మళ్లీ నీ చేతిలో పెడతానన్నాను. చివరికి ఆమె అన్నగారే కొన్నారు, మరుసటి ఏడు కోతలయ్యేదాకా ఎవరికీ ఇవ్వననీ, ఆలోపు డబ్బు తెస్తే చెల్లెలి కయ్య చెల్లెలికేననీ మాటిచ్చారు. ఆమె సంతకం పెట్టింది.

కారు వచ్చాక ఆరు నెలలు నా అంత గొప్పవాడు ఆ తీరంలో లేడు. రోజూ బడికి వెళ్లేముందు ఇంటి బోరు వేసి దానికి తలంటి పోసినట్టు పోసేవాణ్ణి, బయటే కాదు, లోపల కాళ్లు పెట్టుకునే చోట కూడా బకెట్లతో కడిగి పైన పీచు చాప పరిచేవాణ్ణి. నా భార్య ఇసుకలో తవ్విన దొరువు నుంచి తాగే నీళ్లు రెండు బిందెల్లో మోసుకొస్తూ ఒకరోజు ఆగి, "ఏందయ్యా, ఆ నీళ్లతో పప్పే ఉడకదు, దానికెందుకు తానం చేయిస్తావు?" అంది. కారేమన్నా కందిపప్పా అని నవ్వేశాను. మన ఈడు మాస్టర్లకు గుర్తుండే ఉంటుంది, ఇనుప మేకులు మంచినీళ్లలో ఒకటి, ఉప్పునీళ్లలో ఒకటి వేసి, ఏది ముందు తుప్పు పడుతుందో పిల్లలకు చూపించే పాఠం. ఆ సీసాలు నా బల్ల మీదే ఉండేవి. సిగ్గులేని బుర్ర నాది.

కోతలకు రెండు వారాలుందనగా, నెల్లూరు నుంచి ఒక పెద్దాయన పాత కార్లు కొంటారని, మనది చూడటానికి వస్తానన్నారని కబురొచ్చింది. సంతోషంతో లోపల సర్దుదామని పీచు చాప ఎత్తితే, వేలు నేరుగా రేకులోంచి కిందికి దిగిపోయింది. కింద మా వాకిలి ఇసుక కనిపించింది. ఆ తడి చాప కింద అసలే పలచబడిన పాత ఇనుము మొత్తం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.  ఆ వారం రోజులూ నేను చెయ్యని పిచ్చిపని లేదు, కిరసనాయిలు పోశాను, చింతపండు రుద్దాను, గీకినకొద్దీ రంధ్రం పెద్దదైంది.  నా భార్యేమో, తాగే నీళ్లు బిందె తర్వాత బిందె దొరువు నుంచి మోసుకొచ్చి, ఉప్పు వదులుతుందేమోనని ఆ కారు మీద పోసింది. ఎనిమిది బిందెలు. ఆ ఎనిమిదో బిందె చూశాక బతకాలనిపించలేదు నాకు.

టింకరింగ్ పని చేసే భాయి వచ్చి కిందికి దూరి చూసి, "సారూ, కింద షాసీని కూడా తుప్పు తినేసింది. రేకు పెట్టి, తారు పూసి కప్పమంటే కప్పుతా. పాపం మాత్రం నాది కాదు, మీది" అన్నాడు. కప్పమన్నాను. ఇంకో దారి నాకు కనిపించలేదు.

ఆ పెద్దాయన రుమాల్లో చుట్టిన అయస్కాంతం తీసి తలుపులకు, బానెట్‌కు ఆనించి చూశారు. సొట్టలు కప్పడానికి పుట్టీ పెట్టిన చోట అది అతుక్కోదు కదా, మనదానికి అన్నిచోట్లా అతుక్కుంది. నా గుండె మాత్రం చాప కిందే ఉంది. ఆయన తృప్తిగా తలూపి, మా అమ్మను ఇందులోనే తిరుపతి కొండకు తీసుకుపోతాను మాస్టారూ, ఆమెకు ఎప్పటి నుంచో ఇలాంటి కారెక్కాలని కోరిక అన్నారు. అప్పుడు మజ్జిగ తెచ్చిన నా భార్య గ్లాసు ఆయన చేతికిచ్చి, మామూలు గొంతుతో, "అన్నా, ఆ చాప ఎత్తి చూడండి. కింద ఇనుము లేదు, తారు పూసిన రేకు. అమ్మను దీంట్లో కూర్చోబెట్టబాకండి" అంది.

ఆయన చాప ఎత్తి చూశారు, మజ్జిగ తాగారు, నా ముఖం చూడకుండా ఆమెకు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆమె మీద ఒళ్లు మండిపోయింది. కయ్య ఆమెది, పోగొట్టింది నేను, కోపం కూడా నాకే. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు కోతలైపోయాయనీ, కయ్య ఇక బయటివాళ్లకు ఇచ్చేస్తాననీ ఆమె అన్నగారి దగ్గర నుంచి కబురొస్తే, సరేనని చెప్పి పంపి, వంటింట్లోకి వెళ్లి బియ్యం ఏరుతూ ఏడ్చింది. కారు పాత ఇనుము కింద పోయింది.

ఇప్పుడు ఆ ఊళ్లో దొరువులు పూడిపోయాయి, ఇంటింటికీ క్యాన్లలో నీళ్లొస్తున్నాయట. ఆ కయ్య హైవే పక్కన ప్లాట్లయింది, రాళ్లు పాతి రంగులేశారు. బస్సులో అటు వెళ్లాల్సి వస్తే ఆమె ఎప్పుడూ రెండో వైపు సీటే వెతుక్కుంటుంది, నేను ఎందుకని అడగను. ఇలాంటి కార్లకు మాత్రం, ఎదురింటాయన చెప్పినట్టు, నిజంగానే ధర పెరిగింది. నా లెక్క తప్పలేదు, నేనే తప్పాను.

ఆ ఆదివారం సాయంత్రం ఎదురింటతను పొద్దుటి సంగతి మర్చిపోయి, రండి, ఇద్దరూ ఒక రౌండు తిరిగొద్దాం అని పిలిచాడు. నేను మొహమాటపడుతుంటే నా భార్య ముందు నడిచింది. వెనక తలుపు తీసి, మోకాళ్ల నొప్పితోనే వంగి, కింద పరిచిన చాప ఎత్తి, వేలి కణుపుతో రెండుచోట్ల కొట్టి చూసి, మళ్లీ ఎలా ఉన్నది అలా సర్ది కూర్చుంది. ఎటు పోదామమ్మా అని అతను అడిగాడు.

"ఎటైనా పోనీ నాయనా," అంది, "నాయుడుపేట రోడ్డు మాత్రం వద్దు."