అరగంట దాకా ఎవరూ లోపలికి పోకూడదు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్తాను. బల్లిని చూసి ఉడుమనే జాతి నాది. నేను చెప్పినదాన్ని నాలుగుతో భాగించి నమ్మమని నా భార్య కొత్త చుట్టాలకు కాఫీ గ్లాసుతో పాటే చెప్పి పంపిస్తుంది. మీరూ అదే లెక్క వేసుకోండి. నా కోపాన్ని మాత్రం భాగించొద్దు. అది ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

కోపం నా బావమరిది మీద. తెల్లారకముందే కేజీఎఫ్‌లో రైలెక్కి బెంగళూరు పోయి, ఏదో కంప్యూటర్ ఆఫీసులో కూర్చుని, మళ్ళీ అదే రైల్లో నిలబడి వచ్చే మనిషి. కంప్యూటర్ అన్నం తింటాడు. కంప్యూటర్ అంటే గౌరవం మాత్రం ఆవగింజంత లేదు.

నా దగ్గర ఒక 486 ఉంది, పాతకాలపు కంప్యూటర్. గనులు మూసేసినాక ఎవరి ఆఫీసులోంచో పాత ఇనుము కొనే గుజిరీ అంగడికి తూకానికొచ్చి పడింది. నేను మోసుకొచ్చినాను. బరువు ఏనుగు పిల్లంత. ఆన్ చేస్తే ఫ్యాన్ మోతకి బేతమంగళలో పడుకున్న బర్రెలు లేచి నిలబడతాయి. దాని పాత ప్రాసెసర్ పీకేసి, అదే గుంటలో ఒక అప్‌గ్రేడ్ కార్డు కూర్చోబెట్టినాను. అగ్గిపెట్టెంత పలక, దాని మీద తర్వాతి కాలపు చురుకైన ప్రాసెసర్. ముసలెద్దు మెడకి కోడెదూడ తల అతికించినట్టు. ఆ కార్డు నూట ముప్పై మూడు మెగాహెర్ట్జ్‌లో పరిగెత్తుతుందని చేసినవాళ్ళ మాట. బోర్డు మీద మినపగింజంత టోపీలుంటాయి, జంపర్లంటారు. వాటిని పీకి పక్క ముళ్ళకు తొడిగితే నూట అరవైకి ఎక్కుతుంది. ఈ ఎక్కించడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఎక్కుతుంది సరే. వేడెక్కి, ఇరవయ్యో నిమిషానికి కొయ్యబారిపోతుంది.

ఎంత పరిగెత్తిందో చూడడానికి లెక్కలతో ముగ్గు వేసే ప్రోగ్రామొకటి పెట్టుకున్నాను. తెర పైనుంచి కిందికి గీత తర్వాత గీత వేసి, అంతా అయినాక 'టింగ్' మంటుంది. నూట ముప్పై మూడులో గంట పట్టేది. నూట అరవైలో యాభై నిమిషాలు, చివరిదాకా పోతే.

"పది నిమిషాలు మిగిలించేదానికి నాలుగు నెల్లు పెట్టినావు కదా బావా!" అన్నాడు బావమరిది. "ఇంగ ఆ పది నిమిషాల్లో ఏం చేస్తావు? మీసాలు దువ్వుకుంటావా?"

కోలారు జిల్లా మొత్తానికి వినిపించేటట్టు నవ్వినాడు.

నేనడుగుతాను. పావురాలు పెంచేవాణ్ణి, చేతిలో ఫోనుండగా ఈ పిట్టలెందుకప్పా అని ఎవరైనా అడుగుతారా? కుండీలో రోజా పూయించేవాణ్ణి, బజార్లో మూర మల్లెపూలు దొరకవా అని అడుగుతారా? ముసలి యంత్రం చేత నాలుగు అడుగులు ఎక్కువ వేయించినవాణ్ణి మాత్రం ఊరంతా నిలబెట్టి అడుగుతుంది. నా ఒళ్ళు మండదా?

అంతటితో పోయినాడా? "అక్కా, నీకు కొత్త గ్రైండర్ తెస్తాను. ఆ కంప్యూటర్ పెట్టిన మూల ఖాళీ చేయించు" అన్నాడు. నా భార్య కళ్ళల్లో దోసెలు కనిపించినాయి.

"చూడయ్యా, ఆదివారం అందరి ముందరా పెట్టు" అంది. "మధ్యలో ఆగిపోకుండా ముగ్గు పూర్తయిందా, అది ఉంటుంది. ఆగిపోయిందా, సోమవారం గుజిరీ బండి ఎక్కుతుంది."

శుక్రవారం ఆఖరి ప్రయత్నం చేస్తా ఉండగా మా మామ, అంటే నా భార్య నాయన, వచ్చినాడు. చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో పనికొచ్చిన ఇంటి మనిషి. ముప్పై ఏళ్ళు భూమి అడుగున గడిపినాడు. సరిగ్గా అప్పుడే తెర కొయ్యబారింది. స్విచ్ ఆపబోతే నా మణికట్టు మీద ఒకటి తగిలించినాడు.

"ఆగప్పా! పేలాల్సింది పేలకపోతే దగ్గరికి పోతారా ఎవురైనా?"

గనిలో రాతికి రంధ్రాలు వేసి, మందు కూరి, వత్తి ముట్టించి, దూరంగా నిలబడి పేలుళ్ళు లెక్కపెట్టేవాళ్ళట. ఏడు కూరినచోట ఆరే వినపడితే అరగంట దాకా ఒక్కడూ లోపలికి పోకూడదు. ఆగిపోయిందనుకున్నది ఆగి ఉండకపోవచ్చు. తొందరపడి పోయినవాళ్ళు తిరిగి రాలేదన్నాడు మామ. తన జతగాడొకడు అట్లే పోయినాడట. ఆ మాట మీద ఎప్పుడూ ఎవరమూ జోకు వెయ్యం. వసారాలో అరగంట కూర్చున్నాం.

తర్వాత మామ ఊదుబత్తి ముట్టించి కంప్యూటర్ పెట్టె దగ్గర పట్టుకున్నాడు. "గాలి యాడ నుంచి వస్తా ఉండాది? యాడికి పోతా ఉండాది?" పొగ వెనక నుంచి బయటికొచ్చి, పక్క సందులోంచి మళ్ళీ లోపలికే దూరింది. "చూస్తివా? విడిచిన గాలే మళ్ళీ పీలుస్తా ఉండాది. ఎన్ని ఫ్యాన్లు పెట్టి ఏం లాభమప్పా?" గనిలో గాలి మళ్ళించడానికి గుడ్డ తెర కట్టినట్టే, పాత గొడుగు గుడ్డ కత్తిరించి ఆ సందుకు అడ్డంగా కట్టినాడు.

నాలుగు నెలలు నేను చదివిన చదువంతా ఒక ఊదుబత్తి, ఒక గొడుగు! దానిక్కూడా నాకు కోపమే వచ్చింది.

ఆదివారం. గొప్పకు పోయి కొత్త ముగ్గు పెట్టినాను. వీధి వీధంతా వచ్చింది, కామసముద్రం నుంచి రెండు బస్సులు కూడా వేసినారు. ఇరవై నిమిషాలు దాటింది. ముప్పై, నలభై. బావమరిది ముఖం ఉడికిన వంకాయలా అయింది. తెర అడుగున నాలుగు వేళ్ళ ఖాళీ మిగిలుండగా గీతలు ఆగిపోయినాయి.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఏమీ కదల్లేదు.

"అయిపాయ! గ్రైండర్!" అని బావమరిది స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చినాడు. మామ వాడి మణికట్టు మీద ఠపీమని కొట్టినాడు.

"అరగంట! అందరూ బయటికి!"

"నాయనా, ఇది కంప్యూటర్..." అంది నా భార్య.

"ఏదైతే నాకేం? నడువమ్మా."

తలుపు దగ్గరికేసి గడప ముందర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పన్నెండో నిమిషంలో లోపల 'టింగ్' మంది. నేను ఎగిరి లేచినాను.

"కూర్చో. అరగంటంటే అరగంటే."

తలుపు తీసేసరికి ముగ్గు నిండుగా ఉంది. ఆ ముగ్గు అడుగంతా నలుపు. నల్లచోట ఒక్కో చుక్కకీ లెక్క ఎక్కువ, అందుకే నిదానం. నల్ల తెర మీద నల్ల గీతలు గీస్తా ఉంటే కదలిక ఎవరికి కనిపిస్తుంది? అది ఆగలేదు. మనమే ఆగలేకపోయినాం.

ఇప్పుడా కంప్యూటర్ అదే మూల ఉంది. గ్రైండర్ మా మామ ఇంట్లో ఉంది, పిండి అక్కడి నుంచే వస్తుంది.

ఇంగ ఒప్పుకోవాలి. ఏనుగు పిల్ల, బర్రెలు, బస్సులు మీరే భాగించుకుని ఉంటారు, అవి కల్పన కిందికి రావు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే. ఆదివారం స్విచ్ మీదికి పోయిన చెయ్యి బావమరిదిది కాదు. వాడు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా తెర వైపే చూస్తా ఉన్నాడు. ఆ చెయ్యి నాది.